గురి తప్పిన గుండు

తుపాకి గురి తప్పగానే పేల్చినవాడు తుపాకివంక చూస్తాడు. పక్కన నిలబడ్డవాడు పేల్చినవాడివంక చూస్తాడు. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత మనకు వుండనే వుంది కనుక, సాధారణంగా ఈ వాదంలో రెండోవాడే నెగ్గుతూ వుంటాడు. ఆ సామెత పుట్టించినవాడు గడుసువాడే. కాని మద్దెల నిజంగా ఓడైన రోజులు కూడా వుంటాయన్న సంగతి మాత్రం ఆయన మనకు చెప్పిపోలేదు. ఆ రోజున ఆడే మనిషి ఎవరితో మొర పెట్టుకోవాలి?

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాడికి తుపాకుల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. కాలేజీలలో ఎన్.సి.సి. నడిపేది పంతుళ్ళే. సంధులూ సమాసాలూ చెప్పిన నోటితోనే "ఊపిరి బిగబట్టు, మీట మెల్లగా నొక్కు" అని కూడా చెప్పవలసి వస్తుంది. మా పిల్లలు పట్టేది .22 రైఫిలు. బోర్లా పడుకుని, 25 గజాల దూరాన వున్న కాగితంమీద ఐదు తూటాలు కాలుస్తారు. ఆ ఐదు చిల్లుల్ని చూసి ఎవరు జట్టులోకి వెళ్ళాలో, ఎవరు ఇంటికి వెళ్ళాలో తేలుస్తారు. జట్టులో చోటు దొరికి, పైమెట్టులన్నీ దాటితే ఢిల్లీలో జరిగే థల్ సైనిక్ క్యాంపుదాకా వెళ్ళవచ్చు. జిల్లా దాటి ఎరగని పిల్లకు అది చిన్న విషయం కాదు. అందుచేత ఒక్క కార్డు చూసి "నీవల్ల కాదు" అనేముందు, ఆ చిల్లులు ఎవరి పుణ్యమో విచారించడం ధర్మం.

విచారణకు మొట్టమొదటి మెట్టు ఏమిటంటే, రెండు తప్పుల్ని విడదీసి చూడడం. ఐదు గుళ్ళూ ఒకేచోట ముద్దగా పడి, ఆ ముద్ద మధ్యకు దూరంగా వుందనుకోండి, అది తప్పే కాదు. సైటును రెండు మూడు మెట్లు తిప్పితే సరిపోతుంది. అట్లా కాక ఐదూ ఐదు దిక్కులకు పోతే సైటు ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. చాలామంది చేసేది సరిగ్గా ఈ రెండోదే. ఒక గుండు ఎడమకు పోగానే సైటును కుడికి తిప్పుతారు. తరువాతది కుడికి పోగానే మళ్ళీ ఎడమకు. పదిహేను తూటాలు అయ్యేసరికి రైఫిలు ఎక్కడ కొడుతుందో దేవుడికి కూడా తెలియదు. ఐదు కాల్చేదాకా సైటు ముట్టుకోకూడదు. అసలైతే ఐదేసి చొప్పున రెండు మూడు కార్డులు చూడందే ఏమీ అనకూడదు. మూడు గుళ్ళు ఒకచోట పడడం అదృష్టంవల్ల కూడా జరుగుతుంది.

సైటు తిప్పడంలో కూడా ఒక మెలిక వుంది. వెనక సైటును గుండు పోవలసిన వైపుకే జరపాలి. ముందు సైటునైతే దానికి ఎదురువైపుకు జరపాలి. ఇది వల్లె వేయించినా మరిచేవాళ్ళు నూటికి తొంభైమంది. ఎంత జరిపితే ఎంత పోతుందన్నది చిన్న త్రైరాశికం. రెండు సైట్లకూ మధ్య 65 సెంటీమీటర్లు వున్నాయనుకుంటే, ఒక్క మిల్లీమీటరు తేడా 25 గజాల దగ్గర సుమారు మూడున్నర సెంటీమీటర్లవుతుంది. కంటికి ఆనని కదలిక కాగితంమీద రెండు వేళ్ళ వెడల్పున కనిపిస్తుందన్నమాట.

ఇక చిల్లుల ఆకారం చూసి జాతకం చెప్పేవారున్నారు. నిలువుగా పడితే ఊపిరి, అడ్డంగా పడితే మీట, కిందికి ఎడమకు పడితే ఫలానా వేలు అని గుండ్రటి పటాలు గోడకు తగిలిస్తారు. ఆ చక్రాలు చాలావరకు ఒంటిచేత్తో పిస్తోలు కాల్చేవారికోసం గీసినవి. వాటిని తెచ్చి, బోర్లా పడుకుని రైఫిలు కాల్చే పిల్లకు అంటగట్టడం నాకు నచ్చదు. ఆకారంలో కొంత నిజం లేకపోలేదు. ఊపిరి తీస్తూ కాలిస్తే గొట్టం కిందికీ పైకీ వూగుతుంది కనుక చిల్లులు నిలువు గీతలో పడతాయి. ఒళ్ళు ఒకవైపుకు తిరిగివుంటే, చేతులతో తుపాకిని లాగిపట్టి గురి పెడతాం; మీట నొక్కే క్షణాన ఆ లాగుడు సడలి గుండు పక్కకు జారుతుంది. దీనికి చవకైన పరీక్ష వుంది. గురి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు నిండు ఊపిరులు తీసి, కళ్ళు తెరవాలి. సైటు ఇంకా మధ్యలోనే వుంటే మంచిది. పక్కకు పోయివుంటే చేతులతో తెచ్చుకోకుండా, ఎడమ మోచెయ్యి అక్కడే వుంచి నడుమూ కాళ్ళూ కాస్త జరుపుకోవాలి. కాని నిలువు గీతకు ఊపిరొక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఆ మాట మందుగుండు దగ్గర చెబుతాను.

అసలు ఈ తగవు తీర్చే సాక్షి ఒకడున్నాడు. వాడు పేల్చినవాడి కన్నే. మీట విడిపోయిన ఆ రెప్పపాటులో ముందు సైటు ఎక్కడ వుందో కన్ను చూస్తుంది. గుండు తగిలిన చోటు చూడకముందే, "ఇది కాస్త కుడి, తొమ్మిది", "ఇది నడిమధ్య" అని పేల్చినవాడు పైకి చెప్పాలి. పక్కనున్నవాడు రాసుకోవాలి. ఆ తరువాత కార్డు తెచ్చి పోల్చి చూడాలి. చెప్పిందీ పడిందీ కలిస్తే, తుపాకి సత్యసంధురాలు. మనిషి చేసిన తప్పునే అది కాగితంమీద రాసింది. నడిమధ్య అని చెప్పినవి నాలుగు దిక్కులా పడితే, తుపాకినీ తూటానీ గాలినీ విచారించాలి. ఎక్కడ పోయిందో చెప్పలేకపోతే, మీట విడిపోయే క్షణాన కళ్ళు మూసుకుంటున్నట్టే లెక్క. ఒక్క పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండానే స్క్రూడ్రైవర్లు తీసేవారిని చూస్తే జాలి వేస్తుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. నెమ్మదస్తురాలు, గట్టిగా పిలిస్తేనే ఉలిక్కిపడే రకం. ఎంపిక రోజున ఆమె కార్డులో మూడు చిల్లులు ఒకచోట, రెండు చిల్లులు పైన కుడిపక్క రెండంగుళాల ఎడంగా పడ్డాయి. నేర్పించే ఉస్తాదు కార్డు చూసి, "భయం సార్, చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. పేరు పక్కన అదే రాయబోయాడు.

"లేదు సార్, ఐదూ మధ్యలోనే వదిలాను," అంది ఆ పిల్ల. గొంతు వణికింది, మాట మాత్రం వణకలేదు.

వణికే చేతులు చిల్లుల్ని చల్లుతాయి గాని, రెండు ముద్దలుగా విడదీసి పేర్చవు కదా! ఒక ముద్దనుంచి ఇంకో ముద్దకు గుళ్ళు దూకుతున్నాయంటే, ఏదో వస్తువు రెండు చోట్లమధ్య అటూ ఇటూ కదులుతోందని అర్థం. నేను ఉస్తాదును బతిమాలి, అదే రైఫిలుతో ఆయన్నే ఐదు కాల్చమన్నాను. ఇరవైయేళ్ళ అనుభవం వున్న మనిషి. ఆయనకూ రెండు ముద్దలే పడ్డాయి, ఈసారి రెండూ మూడూ. ఆ తరువాత ఆయన ఏమీ మాట్లాడకుండా తూటాలన్నీ తీయించి, బోల్టు తీసి పక్కన పెట్టి, రైఫిలును వెల్లకిలా తిప్పాడు. గొట్టాన్ని కర్రకు పట్టివుంచే స్క్రూల్లో ముందుది వదులైపోయింది. వేలితో తిప్పితే తిరిగింది. బిగించిన తరువాత ఆ పిల్ల ఐదు గుళ్ళూ ఒకే ముద్దగా పెట్టింది. జట్టులోకి వెళ్ళిందా అంటే, ఆ ఏడు వెళ్ళలేదు. ఆమెకన్న మంచి కార్డులు ఇంకా కొన్ని వున్నాయి. "భయం" అన్న మాట మాత్రం కాగితం ఎక్కలేదు.

కనుక ఇనుమును అనుమానించే పక్షంలో ముందుగా స్క్రూలు చూడాలి. కర్రా ఇనుమూ కలిసేచోట, సైటు గొట్టంమీద కూర్చునేచోట. ఆ తరువాత గొట్టానికీ కింది కర్రకూ మధ్య ఒక కాగితం ముక్క జొనిపి లాగి చూడాలి. ఖాళీ వుండవలసిన రైఫిలులో కాగితం ఎక్కడన్నా పట్టుకుంటే, అక్కడ కర్ర గొట్టాన్ని ముట్టుకుంటోందన్నమాట. మన కోస్తా ఊళ్ళలో ఇది శ్రావణ భాద్రపదాల్లో వచ్చే జబ్బు. వానాకాలం తలుపులు ఉబ్బి గడియ పడనట్టే తుపాకి కర్ర కూడా ఉబ్బుతుంది. వేసవిలో మల్లెమొగ్గలా కొట్టిన రైఫిలు ఆగస్టులో మొరాయించిందంటే, పట్టినవాణ్ణి తిట్టేముందు కర్రను చూడండి.

గొట్టం చివరి అంచు మూడోది. గుండు ఆఖరుసారి లోహాన్ని వదిలేది అక్కడే. ఆ అంచు ఒకపక్క కొద్దిగా అరిగినా, నొక్కుపడినా, వెనకనుంచి తోసుకొచ్చే వాయువు ఒకవైపునుంచి ముందు జారి గుండును పక్కకు నెడుతుంది. అంచు ఎందుకు అరుగుతుందంటే, చిత్రం చూడండి, శుభ్రం చేయడంవల్ల! చిందీగుడ్డ కట్టిన తాడును గొట్టంలో దించి చివరనుంచి అడ్డదిడ్డంగా లాగితే, ఏళ్ళ తరబడి ఆ తాడే ఇనుమును కోస్తుంది. నూతి గిలక దగ్గర రాతిమీద చేదతాడు పడ్డ గాడి చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాడును గొట్టానికి తిన్నగా లాగాలి. లాగిన తరువాత లోపల నూనె మిగిలితే, మొదటి గుండో రెండో వేరేచోటికి పోతాయి. అందుకని నూనె తుడిచి, కార్డు పెట్టకముందు మట్టిగట్టుమీదికి రెండు కాల్చడం మంచిది.

మందుగుండు మాటకు వస్తే, .22 రైఫిలు అన్నం విషయంలో పెంకిపిల్ల. ఒకే కంపెనీ, ఒకే పేరు, కాని పెట్టెమీది లాటు నెంబరు మారగానే గుళ్ళు చెదరవచ్చు. పెద్ద పోటీలకు వెళ్ళేవారు తమ రైఫిలును తూటాలు చేసే కర్మాగారాలకే తీసుకుపోయి, బిగింపులో పెట్టి, లాటు వెంట లాటు కాల్చి చూసి, నచ్చినదాన్ని ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు. కారణం సులువుగా లెక్కకు అందుతుంది. పోటీ తూటా గుండు సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అది ధ్వనివేగం కన్న తక్కువ. ధ్వనివేగాన్ని దాటి మళ్ళీ దిగే గుండు దారిలో తొట్రుపడుతుందని కావాలనే అట్లా చేస్తారు. ఒక తూటా 330తో, ఇంకొకటి 315తో బయలుదేరాయనుకోండి. 25 గజాల్లో ఆ తేడా కంటికి ఆనదు. 50 మీటర్లకు మాత్రం రెండో గుండు సుమారు 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. 50 మీటర్ల పోటీలో పది పాయింట్ల వలయం అడ్డకొలత మొత్తం 10.4 మిల్లీమీటర్లు! ఇంతకుముందు వాయిదా వేసిన మాట ఇదే. 50 మీటర్ల దగ్గర చిల్లులు నిలువుగా పడ్డాయని పిల్లవాడి ఊపిరిని తప్పుపట్టేముందు, వేరే లాటు తూటాలు ఒక ఐదు ఇచ్చి చూడాలి.

గాలి సంగతి మన పిల్లలకు మరీ వింతగా తోస్తుంది. కుడినుంచి గాలి వీస్తే గుండు ఎడమకు పోతుందని అందరూ ఊహిస్తారు. నిజానికి అది ఎడమకు పోతూ కాస్త పైకి కూడా లేస్తుంది. ఎడమ గాలికి కుడికి పోతూ కాస్త దిగుతుంది. గొట్టంలోని మెలికలు గుండును కుడివైపుకు తిప్పి పంపుతాయి కనుక, ఆ తిరుగుడూ గాలీ కలిసి చేసే పని ఇది. అందువల్ల ఆరుబయట, గాలి అటూ ఇటూ మారే రోజున, చిల్లులు ఏటవాలు గీతలో పడితే ఎవరినీ అనవలసిన పని లేదు.

ఇన్ని చూసినా కొన్నిసార్లు తప్పు మనిషిదే అవుతుంది, ఆ మాటా ఒప్పుకోవాలి. అందులో ముఖ్యమైనది ఉలికిపాటు. చప్పుడు వస్తుందని ముందే తెలిసిన ఒళ్ళు, చప్పుడుకన్న ముందే బిగుసుకుంటుంది. ఈ జబ్బున్నవాడు తనకు జబ్బుందని ఒప్పుకోడు. వాడికి నిజంగానే తెలియదు. ఒకడు మూడు రైఫిళ్ళు మార్చి మూడింటినీ తిట్టాడు. నాలుగోసారి తూటా ఎక్కించే పని ఉస్తాదు తన చేతికి తీసుకున్నాడు. కొన్నిసార్లు నిజం తూటా, కొన్నిసార్లు ఉత్త డొల్ల. ఏది ఎప్పుడో వాడికి తెలియనివ్వలేదు. డొల్ల వచ్చినప్పుడు మీట టక్కుమంది, చప్పుడు లేదు, కాని రైఫిలు ముక్కు మాత్రం బెత్తెడు కిందికి పొడిచింది. చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ తరువాత వాడు వారం రోజులు ఖాళీ రైఫిలు గొట్టంమీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా మీట నొక్కడం సాధన చేశాడు. ఈ జబ్బుకు ఇంతకన్న మందు లేదు.

కంటి చూపులో కూడా ఒక తిరకాసు వుంది, అది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఇబ్బందే. ఉదయం తరగతిలో ద్రోణుడు పెట్టిన పరీక్ష చెప్పి వస్తాను. పక్షి తల తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుణ్ణి మెచ్చుకుని వస్తాను. మధ్యాహ్నం రేంజిమీద అదే పిల్లలతో, "లక్ష్యాన్ని చూడకండి" అని చెప్పాలి! వెనక సైటు, ముందు సైటు, 25 గజాల అవతలి కాగితం, ఈ మూడింటినీ ఒక్కసారే స్పష్టంగా చూడగల కన్ను ఏ మనిషికీ లేదు. స్పష్టంగా చూడవలసింది ముందు సైటును. లక్ష్యం మసకగా వుండనివ్వాలి. లక్ష్యాన్ని తేటగా చూస్తే సైటు మసకబారి, ఎంత పక్కకు జరిగిందో తెలియకుండా పోతుంది. ఒక చురుకైన పిల్ల, "అయితే అర్జునుడిది తప్పా సార్?" అని అడిగింది. ఆయన వింటికి సైట్లు లేవమ్మా అన్నాను. నవ్వింది గాని, పూర్తిగా నమ్మినట్టు లేదు.

పెద్దవాళ్ళకూ ఈ చిక్కులన్నీ వచ్చినవే. అభినవ్ బింద్రా 2004 ఏథెన్సు ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలు ఫైనలుకు మూడో స్థానంలో వచ్చి, ఏడోవాడుగా ముగించాడు. అక్కడ ఆయన నిలబడ్డచోట కాలికింది పలక వదులుగా వుందని తరువాత బయటపడింది. అరమిల్లీమీటరు చుక్కకు గురిపెట్టి నిలబడ్డవాడికి కాలికింద నేల కదిలితే ఇక చెప్పేదేముంది? 2008 ఆగస్టు 11న బీజింగులో ఫైనలుకు ముందు సరిచూసుకునే గుళ్ళు కాలిస్తే, మొదటిది నాలుగు పాయింట్ల ప్రాంతానికి పోయింది. ఆ చోట మామూలు మనిషయితే తన గుండెనే అనుమానించేవాడు. ఆయన సైటును అనుమానించాడు. వున్న కొద్ది నిమిషాల్లోనే క్లిక్కులు తిప్పి గుండును మధ్యకు తెచ్చుకున్నాడు. ఆఖరి గుండుకు ముందు ఫిన్లండు దేశస్థుడు హకినెన్‌తో సరిసమానంగా నిలిచి, 10.8 కొట్టి బంగారుపతకం తెచ్చాడు. మన దేశానికి వ్యక్తిగత పోటీలో వచ్చిన మొదటి ఒలింపిక్ బంగారం అది. నాలుగేళ్ళకు లండనులో అదే పోటీలో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచుపతకం తెచ్చాడు.

అమెరికా దేశస్థుడు మాథ్యూ ఎమన్సు కథ ఇంకా విచిత్రం. 2004లో ఒలింపిక్సుకు ముందే ఆయన రైఫిలును ఎవరో కావాలని పాడుచేశారు. తోటి క్రీడాకారిణి రైఫిలు ఎరువు తెచ్చుకుని, దానితోనే ఏథెన్సులో పడుకుని కాల్చే పోటీలో బంగారం గెలిచాడు. కొన్నాళ్ళకే మూడు భంగిమల పోటీ. ఆఖరి గుండు మిగిలింది. మూడు పాయింట్ల ఆధిక్యం; ఒక మోస్తరుగా కాల్చినా చాలు. గురి పెట్టాడు, కాల్చాడు, బాగానే కాల్చాడు. తెరమీద ఏ అంకే రాలేదు. ఆయన నిలబడ్డది రెండో వరస, గుండు తగిలింది మూడో వరస లక్ష్యానికి. ఆ గుండుకు సున్న వేశారు. బంగారం చైనాకు చెందిన జియా జాన్‌బోకు పోయింది, ఎమన్సు ఎనిమిదో స్థానానికి దిగాడు. మామూలుగా ముందు లక్ష్యంపైని నెంబరు చూసి, ఆ తరువాత కిందికి దిగేవాడట. ఆ ఒక్కసారి మనస్సును నెమ్మదిపరుచుకునే ధ్యాసలో నెంబరు చూడలేదని ఆయనే చెప్పాడు. 2008లో మళ్ళీ ఆఖరి గుండుదాకా ముందుండి, వేలు ముందుగానే మీటకు తగలడంతో 4.4 కొట్టి నాలుగోవాడయ్యాడు. 2012లో లండనులో అదే పోటీలో కంచుపతకం తీసుకున్నాడు.

మా రేంజిమీద లక్ష్యాల నెంబర్లు మసకబారితే, కార్డులు పెట్టేముందే సున్నం బ్రష్షుతో మళ్ళీ రాయిస్తూ వుంటాం. పక్కవాడి కార్డుమీద ఆరు చిల్లులు, వీడి కార్డుమీద నాలుగు తేలినప్పుడు ఆ ఇద్దరిమధ్య వచ్చే తగవును తీర్చడం ఏ ఉస్తాదు తరమూ కాదు.